స్కాట్లాండ్‌లో 10 రోజులు: కారు, ఫెర్రీ, కాళ్లు – దేనికి ఎన్ని రోజులు?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. లండన్‌లో ఉంటున్న భార్యాభర్తలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కలిసి జూన్ చివర్లో 10 రోజులు స్కాట్లాండ్ వెళ్తున్నారు. నాన్నగారికి 68. అమ్మగారికి 62, మోకాళ్ల నొప్పులు. కారులో నార్త్ కోస్ట్ 500 (ఉత్తర తీరం చుట్టి వచ్చే రోడ్డు), ఆపైన స్కై, మల్, లూయిస్ దీవులు, మధ్యలో వెస్ట్ హైల్యాండ్ వే అనే కాలిబాట మీద రెండు రోజుల నడక. ఇవన్నీ కుదురుతాయా, ఫెర్రీలకి ముందే బుక్ చేయాలా, శాకాహారులకి ఇబ్బందా అని అడిగారు.

కుదరదండీ. మీరు గూగుల్ మ్యాప్‌లో మైళ్లు కూడి ఈ ప్లాన్ వేసినట్టున్నారు. గ్లాస్గోలో 16 ఏళ్లు ఉన్నవాణ్ణి, మొదటి మూడేళ్లు నేనూ అలాగే వేసేవాణ్ణి. నార్త్ కోస్ట్ 500 ఒక్కటే 516 మైళ్లు. అది ఇన్వర్‌నెస్‌లో మొదలై ఇన్వర్‌నెస్‌లోనే ముగుస్తుంది. దానికే వారం పెట్టాలి. ఆ వారమంతా అమ్మగారు కారు కిటికీలోంచి చూసిందే స్కాట్లాండ్ అవుతుంది. ముందు దాన్ని కొట్టేయండి. మిగిలినవాటిలో లూయిస్ కూడా కొట్టేయమంటాను, కానీ దాని గురించి నాకు కొంచెం పక్షపాతం ఉంది, చివర్లో చెప్తాను.

ముందు రోడ్ల సంగతి. మన దగ్గరలాగే ఎడమవైపే నడపాలి కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఇబ్బందల్లా సింగిల్ ట్రాక్ రోడ్లతోనే. రెండువైపుల బళ్లకీ కలిపి ఒక్క కారు పట్టేంత వెడల్పే ఉంటుంది. కొంచెం కొంచెం దూరానికి పక్కకి ఉబ్బినట్టు కాస్త జాగా, అక్కడ 'పాసింగ్ ప్లేస్' అని తెల్ల బోర్డు. ఎదురుగా బండి కనిపిస్తే మీకు దగ్గర్లో ఉన్న పాసింగ్ ప్లేస్‌లో ఆగాలి. అది మీ ఎడమవైపు ఉంటే లోపలికి వెళ్లి ఆగండి. కుడివైపు ఉంటే అటు దాటి వెళ్లకండి, దానికి ఎదురుగా రోడ్డు మీదే ఆగండి, అవతలివాడే అందులోంచి చుట్టుకుని పోతాడు. వెనకాల ఎవరైనా తరుముతున్నట్టు వస్తుంటే కూడా ఆగి వాళ్లకి దారివ్వాలి, అక్కడి మనుషులు పనుల మీద పోతుంటారు, మనం గొర్రెల్ని చూస్తూ పోతుంటాం. దాటేటప్పుడు ఇద్దరూ చెయ్యెత్తి పలకరించుకుంటారు. మా నాన్న వచ్చినప్పుడు ముందు సీట్లో కూర్చుని ఈ చెయ్యెత్తే డ్యూటీ తను తీసుకున్నాడు. సాయంత్రానికి భుజం నొప్పి అన్నాడు.

పాసింగ్ ప్లేస్‌లో ఫొటోల కోసం బండి పెట్టకండి. అలాగని గడ్డి కనిపించిన ప్రతి చోటా పక్కకి దించకండి కూడా. 2010లో గెయిర్‌లాఖ్ దాటాక ఎదురుగా లారీ వచ్చిందని మర్యాదకి పోయి గడ్డి మీదకి దించాను. పైకి గడ్డే, కింద మెత్తటి బురద నేల. ఎడమ చక్రం సగం దాకా దిగిపోయింది. గంట తర్వాత ఒక ముసలాయన ట్రాక్టర్‌తో వచ్చి లాగాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. తాడు విప్పుకుంటూ ఒక్క మాటన్నాడు, "ఆ బోర్డులు మేం అందానికి పాతలేదు" అని.

అప్పుడు వెళ్తున్నది ఆపిల్‌క్రాస్‌కి. ఆ ఊరికి వెళ్లే బెయాలఖ్ న బా అనే కనుమ 626 మీటర్ల దాకా ఎక్కుతుంది. తిరుమలకైతే ఎక్కడానికో ఘాట్ రోడ్డు, దిగడానికో ఘాట్ రోడ్డు. ఇక్కడ రెండిటికీ కలిపి ఒకటే సింగిల్ ట్రాక్, దాని మీదే హెయిర్‌పిన్ మలుపులు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు, పెద్ద బళ్లు రావద్దని కిందే బోర్డు పెట్టారు. అమ్మానాన్నల్ని ఎక్కించుకుని అటు పోకండి. ఇంకోటి, తాగి నడిపే విషయంలో స్కాట్లాండ్ పరిమితి ఇంగ్లండ్‌కంటే తక్కువ. 2014 డిసెంబర్ నుంచి 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములే. విస్కీ తయారుచేసే డిస్టిలరీ చూడ్డానికి వెళ్తే, నడిపేవాళ్లు తమ వంతు చిన్న సీసాలో పోయించుకుని తెచ్చుకోవచ్చు.

ఇక నడక. వెస్ట్ హైల్యాండ్ వే 96 మైళ్లు. గ్లాస్గో పక్కన మల్‌గాయ్‌లో మొదలై (ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి 'మిల్న్‌గావీ' అంటే బస్సు డ్రైవర్ నవ్వుతాడు) ఫోర్ట్ విలియంలో ముగుస్తుంది. 1980లో తెరిచారు. నేను 2011లో ఏడు రోజుల్లో నడిచాను, తర్వాత ముక్కలుముక్కలుగా ఎన్నిసార్లో. రెండు రోజులే ఉన్నాయంటే చాలామంది మొదటి రెండు రోజుల దారి పట్టుకుంటారు, గ్లాస్గోకి దగ్గరని. అది తప్పు. మొదటి రోజు దాదాపు అంతా పొలాలూ పాత రైలు కట్టా. రెండో రోజు కానిక్ హిల్ మీంచి లాఖ్ లోమండ్ బాగానే కనిపిస్తుంది గానీ అంత దూరం వెళ్లి చూడాల్సింది అది కాదు. ఆ సరస్సు పక్కనే ఇన్వర్‌స్నెయిడ్ దాటాక వచ్చే దారి ఇంకో రకం. చెట్ల వేళ్లు, బండరాళ్లు పట్టుకుని పాకాలి, గంటకి మైలు నడిస్తే గొప్ప.

మీరు ఆఖరి రెండు రోజుల దారి తీసుకోండి, కింగ్స్‌హౌస్ నుంచి కిన్లాఖ్‌లెవెన్, అక్కడ పడుకుని మర్నాడు ఫోర్ట్ విలియం. మొదటి రోజు 9 మైళ్లు, రెండో రోజు సుమారు 15. గ్లాస్గో–ఫోర్ట్ విలియం బస్సు కింగ్స్‌హౌస్ దగ్గర హైవే మీద దింపుతుంది. దిగగానే ఎదురుగా బుఆఖల్ ఎటివ్ మోర్ కొండ, చిన్నపిల్లలు బొమ్మగీసినట్టు నిటారుగా త్రికోణం. మూడు మైళ్లు దాని పక్కనే నడిచాక కుడివైపు 'డెవిల్స్ స్టెయిర్‌కేస్' వస్తుంది. పేరు విని భయపడకండి, మెట్లేం ఉండవు, మలుపులు తిరుగుతూ ఎక్కే పాత మిలిటరీ దారి. పైకి చేరితే సుమారు 550 మీటర్లు, మొత్తం వెస్ట్ హైల్యాండ్ వేలో అదే అన్నిటికంటే ఎత్తు. ఆయాసం ఎక్కేటప్పుడు వస్తుంది, అసలు దెబ్బ దిగేటప్పుడు తగులుతుంది. కిన్లాఖ్‌లెవెన్ దాకా దిగుతూనే ఉంటాం, మోకాళ్లు మూలుగుతాయి. చేతికర్రలు రెండు తీసుకెళ్లండి.

రెండో రోజు దారి నాకు ఇంకా ఇష్టం. లారిగ్‌మోర్ అనే లోయలో గంటల తరబడి ఇల్లు కనిపించదు. కనిపించేవల్లా పైకప్పు లేని పాత రాతి గోడలు, వాటిలో గొర్రెలు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు వాన అడ్డంగా కొట్టింది. మన వాన పైనుంచి పడుతుంది కదా, అక్కడ పక్కనుంచి వస్తుంది, అందుకే గొడుగు దండగ, టోపీ ఉన్న మంచి వాన జాకెట్ కొనుక్కోండి. ఒక శిథిలం చాటున నిలబడి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాను. అన్నం చల్లబడి గట్టిపడింది, అయినా ఆ తిండి ఇప్పటికీ గుర్తే. దారి చివర ఫోర్ట్ విలియంలో, బెంచీ మీద కూర్చుని నొప్పెట్టిన పాదం పట్టుకున్న మనిషి కంచు విగ్రహం ఉంటుంది. నడిచి వచ్చిన ప్రతివాడూ పక్కన కూర్చుని అలాగే ఫొటో దిగుతాడు. నేనూ దిగాను.

'మన్రో' అనే మాట అక్కడ పదేపదే వింటారు. 3,000 అడుగులు దాటిన శిఖరాల పేరది. 1891లో సర్ హ్యూ మన్రో జాబితా వేశాడు, ఇప్పుడు లెక్క 282. మాది పత్తికొండ. మా చిన్నప్పుడు మన్రో అంటే ఒకడే, మా ఊళ్లో కలరాతో చనిపోయిన థామస్ మన్రో. దత్తమండలాల కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు, తిరుమలలో గంగాళానికి పేరున్నాయన. ఆయన పుట్టింది గ్లాస్గోలోనే, 1761లో. ఆఫీసులో ఒకడు "ఈ వారం రెండు మన్రోలు ఎక్కాను" అంటే నేను కాసేపు అయోమయంలో పడ్డాను. కొండల మన్రో వేరు, మా మన్రో వేరు. ఇక బెన్ నెవిస్, 1,345 మీటర్లు, బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తు. ఎక్కి దిగడానికి రోజంతా పడుతుంది, పైన చాలా రోజులు మబ్బు తప్ప ఏం కనిపించదు. ఈ ట్రిప్‌లో వద్దు.

మీరు నడిచే రెండు రోజులూ అమ్మానాన్నల్ని, మీ ఆవిణ్ణి ఫోర్ట్ విలియంలోనే ఉంచండి. అక్కణ్ణించి మల్లేగ్ అనే రేవు ఊరికి రైలుంది. అందరూ ఆవిరి రైలు కోసం ఎగబడతారు, జూన్‌లో టికెట్లు దొరకవు, దొరికినా ధర ఎక్కువ. మామూలు స్కాట్‌రైల్ బండి కూడా అదే పట్టాల మీద, అదే గ్లెన్‌ఫిన్నన్ వంతెన మీద నుంచే పోతుంది. 21 కమానుల కాంక్రీటు వంతెన, ఆ రైలుమార్గం 1901లో తెరిచారు. వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ దగ్గర కూర్చోమనండి.

గ్లెన్‌కో లోయ మీరు ఎలాగూ దాటుతారు. అక్కడ కారాపి నాన్నగారికి ఆ కథ చెప్పండి. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున, దాదాపు రెండు వారాలుగా ఆ లోయలో ఉండే మెక్‌డొనాల్డు వంశంవాళ్ల ఇళ్లలో అతిథులుగా తిని పడుకున్న సైనికులే లేచి వాళ్లని చంపారు. సుమారు 38 మంది. మంచులోకి పారిపోయి చలికి చచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటామే, వీళ్లు లెక్కపెట్టి ఊరుకోలేదు. మూడు శతాబ్దాలు దాటినా అక్కడ ఈ కథని నిన్న జరిగినట్టు చెప్తారు.

ఫెర్రీలకి వద్దాం. పశ్చిమ దీవులకి ఎక్కువ భాగం కాలెడోనియన్ మెక్‌బ్రెయిన్ ఓడలే, అందరూ కాల్‌మాక్ అంటారు. మనుషులకి టికెట్ దొరకడం కష్టం కాదు, కారుకి చోటు దొరకడం కష్టం. జూన్ చివరంటే ఈ రోజే బుక్ చేయండి, రేపు కాదు. పెద్ద ఓడలకి అరగంట ముందే వరసలో ఉండాలి. ఓడలోకి ఎక్కించాక బండి అలారం తీసేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, పైకి వెళ్లిపోవాలి, కారులో కూర్చోనివ్వరు. పక్క బండికి జానెడు దూరంలో పెట్టిస్తారు కాబట్టి తలుపు తీసుకుని దిగడం అమ్మగారికి కష్టం. చెకిన్ దగ్గరే మోకాళ్ల సంగతి చెప్పండి, లిఫ్టు పక్కన పెట్టించమనండి. అడిగితేనే చేస్తారు.

ఓబన్ రేవు నుంచి మల్ దీవిలో క్రెగ్న్యూర్‌కి ముప్పావు గంట పైన. ఓడ కదలగానే క్యాంటీన్ దగ్గర క్యూ, మాకరోనీ చీజ్ కోసం. శాకాహారులకి అది వరం, పైకి తీసుకుపోయి డెక్ మీద తినండి. వెనకాల ఓబన్ కొండ మీద రోమ్ కొలోసియంలా గుండ్రటి గోడ, దారిలో లిస్మోర్ లైట్‌హౌస్, ఆఖర్న ఎడమవైపు రాతి మీద డ్యూఆర్ట్ కోట. దీవి చేరకముందే సగం ట్రిప్ అయిపోయినట్టుంటుంది.

నా పెద్ద పొరపాటు జరిగింది కూడా ఆ దీవిలోనే. క్రెగ్న్యూర్ నుంచి దీవి ఇంకో కొసన ఉన్న ఫినఫర్ట్‌కి 37 మైళ్లు. అక్కణ్ణించి చిన్న ఫెర్రీలో 10 నిమిషాలు పోతే అయోనా. 563లో ఐర్లండ్ నుంచి సెయింట్ కొలంబా వచ్చి మఠం పెట్టిన చోటు. 2012 సెప్టెంబర్‌లో నేనూ మా ఆవిడా అయోనా చూసి తిరిగొస్తున్నాం. 37 మైళ్లే కదా, 50 నిమిషాలు చాలనుకున్నాను. దాదాపు మొత్తం సింగిల్ ట్రాక్. ముందు ఒక టూరిస్టు బస్సు, తర్వాత గొర్రెల మంద, తర్వాత రోడ్డు మధ్యలో పడుకున్న జడల ఆవు. గంటా నలభై నిమిషాలు పట్టింది. క్రెగ్న్యూర్ మలుపు తిరిగేసరికి ఆఖరి ఓడ రేవు వదిలి పోతోంది, లైట్లు కూడా కనిపిస్తున్నాయి. రూములు ఎక్కడా లేవు. రాత్రంతా కారులో. మా ఆవిడ ఒక్కటే అంది: "ఆ ఆవు దగ్గర హారన్ కొట్టే బదులు ఫొటో తీసుకున్నా బాగుండేది."

కాబట్టి దీవుల్లో మైళ్లని నిమిషాలుగా మార్చకండి, గూగుల్ చెప్పినదానికి సగం కలపండి. ఫెర్రీ ఉన్న రోజు ఇంకేం పెట్టుకోకండి. గాలి ఎక్కువైతే వేసవిలో కూడా ఓడలు ఆపేస్తారు, అందుకని లండన్ తిరుగు రైలుకి ముందు రోజు కచ్చితంగా ప్రధాన భూభాగం మీద ఉండండి. ఆ ఖాళీ రోజు దండగనిపిస్తుంది. నాకైతే బాగా గుర్తున్నవి అలా ఖాళీగా ఉన్న రోజులే, రేవులో చేపల బుట్టలు దించడం చూస్తూ కూర్చున్నవి.

అయోనాకి మీ కారు రానివ్వరు, నడకే. రేవు నుంచి మఠం పదిహేను నిమిషాల లోపే, చదునుగా ఉంటుంది. కానీ ఆ చిన్న ఫెర్రీ దిగేది ఏటవాలు కాంక్రీటు మీదకి, నాచు పట్టి జారుతుంది. అమ్మగారి చెయ్యి పట్టుకోండి. చెప్పులు వద్దు.

ఇప్పుడు లూయిస్. దీని గురించి పక్షపాతం అన్నాను కదా. మా నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. 2016లో నా దగ్గరికి వచ్చినప్పుడు ఎడిన్‌బరా కోట చూపిస్తానంటే వద్దన్నాడు, "మెకంజీ ఊరు చూపించు" అన్నాడు. కైఫీయత్తులు పోగుచేయించిన కల్నల్ కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలో స్టోర్నవేలోనే పుట్టాడు. అక్కడ కస్టమ్స్‌లో పనిచేస్తూ 1783లో ఇండియా ఓడెక్కాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ మిగతా పండితులూ ఊరూరా తిరిగి మన గ్రామాల చరిత్రలు రాసింది ఆయన కోసమే. 1821లో బెంగాల్‌లో చనిపోయాడు. పుట్టిన ఊరికి మళ్లీ రాలేదు.

ప్రధాన భూభాగం మీదున్న అల్లాపూల్ రేవు నుంచి రెండున్నర గంటల పైన ఓడ ప్రయాణం. నాన్న లోపల కూర్చోలేదు, శాలువా కప్పుకుని డెక్ మీదే నిలబడ్డాడు. స్టోర్నవే కనిపించగానే "ఇంతేనా ఊరు?" అన్నాడు. కాసేపాగి, "ఇక్కడి నుంచి వచ్చి మా పత్తికొండ దాకా లెక్క రాయించాడా" అన్నాడు. మర్నాడు ఆదివారం. ఆ దీవిలో ఆదివారం ఇప్పటికీ చాలామందికి ప్రార్థనకే. అల్లాపూల్ ఓడ ఆదివారం నడవడం మొదలైందే 2009 జులైలో. దుకాణాలన్నీ మూత. మాకు తిండికి ఇబ్బందే అయింది, నాన్న మాత్రం "ఏకాదశి అనుకో" అని పాలూ అరటిపళ్లతో సరిపెట్టుకున్నాడు. అక్కడి కాలనిష్ నిలువు రాళ్లు సుమారు 5,000 ఏళ్ల నాటివి, వాటి మధ్య గంట తిరిగాం, ఇద్దరం తప్ప మనిషి లేడు. మీ నాన్నగారికి ఇలాంటి ఆసక్తి ఉంటే స్కై తీసేసి లూయిస్ పెట్టుకోండి. లేకపోతే స్కై చాలు.

మిడ్జిల గురించి చెప్పకపోతే మీ ఆవిడ నన్ను తిట్టుకుంటుంది. నువ్వుగింజలో సగం ఉండే ఈగలు, వేలల్లో వస్తాయి. జూన్ చివర వాటికి పండగ. గాలి వీస్తే కనిపించవు, గాలి ఆగిన తడి సాయంత్రం బయట నిలబడలేరు. స్మిడ్జ్ అనే స్ప్రే, తలకి వల టోపీ ఫోర్ట్ విలియంలో కొనండి. పొడుగు గడ్డిలో నడిచిన రోజు రాత్రి కాళ్లు చూసుకోండి, గోమార్లలాంటి పురుగులు పట్టుకుంటాయి, వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది.

తిండికి మరీ ఇబ్బంది లేదు. ఎక్కడికి వెళ్లినా ఏదో ఒక కూరగాయల సూపు, ఉడికించిన బంగాళాదుంప, శాకాహార హాగిస్ (స్కాట్లాండ్ మాంసం వంటకానికి మాంసం లేని రకం) దొరుకుతాయి. అమ్మగారు మూడో రోజుకి అన్నం అడుగుతారు, వంటగది ఉన్న ఇల్లే తీసుకోండి, చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, ఊరగాయ కారులో పడేయండి. ఊళ్లలో హోటల్ వంటిల్లు రాత్రి ఎనిమిదిన్నరకే కట్టేస్తారు. బయట పదిన్నరకి కూడా వెలుతురుంటుంది కాబట్టి టైం తెలియక మోసపోతాం.

నేనైతే ఇలా వేస్తాను. గ్లాస్గో దాకా రైల్లో వచ్చి అక్కడ కారు అద్దెకి తీసుకోండి. ఫోర్ట్ విలియం మూడు రాత్రులు, అందులో మీ నడక. తర్వాత మల్లేగ్ నుంచి ఫెర్రీలో స్కై, రెండు రాత్రులు. స్కైలో స్టోర్ కొండ నాన్నగారూ మీరూ ఎక్కండి, అమ్మగారికి క్విరాంగ్ అనే కొండచరియలు కారు ఆపే చోటి నుంచే బాగా కనిపిస్తుంది. స్కై వంతెన మీదుగా వెనక్కొచ్చి మల్ మూడు రాత్రులు, ఆఖరి రాత్రి ఓబన్.

ఓబన్–క్రెగ్న్యూర్‌లో కారుకి చోటు అయిపోయిందని వస్తే కంగారుపడకండి. ఫోర్ట్ విలియం కింద కోరన్ దగ్గర చిన్న ఫెర్రీ దాటి, లాఖాలిన్ దాకా నడుపుకుంటూ వెళ్తే అక్కడ మల్‌లోని ఫిష్‌నిష్‌కి ఇంకో ఫెర్రీ ఉంటుంది. రెండిటికీ బుకింగ్ లేదు, ముందొచ్చినవాళ్లకి ముందు. పొద్దున్నే బయల్దేరండి, లాఖాలిన్ దారి కూడా చాలావరకు సింగిల్ ట్రాకే. పెట్రోలు మాత్రం ఫోర్ట్ విలియంలోనే నింపించుకోండి.